ఆమెన్ దాకా ఆగిన అన్నం

మొన్న ఆదివారం చర్చిలో కొత్తగా వచ్చిన కుర్ర అయ్యగారు విధేయత మీద ప్రసంగం చేస్తూ మా అత్తని తల్చుకున్నారు. ఆయన ఆవిణ్ణి చూడనైనా లేదు, ఎవరో చెప్పుంటారు. శత్రువుకి అన్నం పెట్టమన్న ప్రభువు మాటని తు.చ. తప్పకుండా పాటించిన తల్లి అన్నారు. చుట్టూ అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. పాటించిందన్నది నిజమే మరి. ఆ పెట్టడం పక్కన నిలబడి చూసినదాన్ని నేను.

అప్పట్లో మేం కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. పెళ్ళయి శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చాను. మా మావకి యార్డులో పని. నేను రాకముందే అత్తని వదిలేసి, లైనుకి అవతల బస్తీలో మన వైపు ఆడమనిషితోనే కాపురం పెట్టాడు. నేనొచ్చిన ఏడే పోయాడు. ఆ తరవాత ఆ రెండో ఆవిడికి టీబీ పట్టింది. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. అప్పటి పెద్ద అయ్యగారు అత్తని పిలిచి, "నీ శత్రువు ఆకలితో ఉందమ్మా, తెలుసా?" అన్నారు. మర్నాటి నుంచి అత్త ఆవిడికి అన్నం పట్టికెళ్ళడం మొదలెట్టింది.

వంటకి వంక పెట్టలేం. ఓలమ్మ, ఆ చేపల పులుసు! మాకు తలకాయలూ తోకలూ, ఆవిడికి నడుం ముక్కలూ. నన్ను వెంటబెట్టుకుని పట్టాలు దాటి వెళ్ళేది. బంద్ రోజున కూడా ఆగేది కాదు, ఎర్ర జెండాల కుర్రాళ్ళు "మాసీమా" అని, పిన్నిగారూ అన్నట్టు పిలుస్తూ దారిచ్చేవారు. ఆవిడ మంచం ముందు కంచం పెట్టి, వడ్డించి, కళ్ళు మూసుకునేది. మా ఇళ్ళల్లో ప్రార్థనయ్యి ఆమెన్ అనేదాకా ముద్ద ముట్టకూడదు. ఎవరికైనా అది రెండు ముక్కల పని. అత్తకి అక్కడ ఆమెన్ ఎంతకీ వచ్చేది కాదు.

"ప్రభువా, నా పెనిమిటిని లాక్కున్న ఈ పాపిని సూడు. దీనికి ఈ రోగం ఎందుకొచ్చిందో దీనికి తెలిసేలాగ సెయ్యి" అని గొంతెత్తి మొదలెట్టి, మావ ఆవిడికి కొన్న చీర దగ్గర్నుంచి ఒక్కటీ వదలకుండా దేవుడికి ఏకరువు పెట్టేది. ఆవిడ చేతులు జోడించుకుని, దగ్గు బిగపట్టుకుని, అన్నం వైపే చూస్తూ కూచునేది. గుమ్మంలో మూగిన బెంగాలీ ఆడవాళ్ళు ఈ దీదీ మనిషి కాదు, దేవత అని కళ్ళొత్తుకునేవారు. వాళ్ళకి తెలుగు రాదు, బతికిపోయారు.

అత్త కడుపులో మంట నాకు తెలీనిది కాదు. పదిమందిలో మొగుడొదిలేసిన మనిషి. అయినా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక, "అప్పా, ముందు రెండు ముద్దలు తినీమంటావా? తరవాత నీ ఇష్టమొచ్చినంత సేపు సెయ్యి" అని సొంత అక్కని అడిగినట్టు అడిగింది.

"పార్థన లేకుండా తినడానికి కుక్కవేటే?" అని అత్త మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది.

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెన్ అన్నాక కూడా ఇటు తిరగలేదు. ఆ రోజు నుంచి మా అన్నం ముట్టలేదు. నేను బతిమాలాను, నీళ్ళు మాత్రం తాగింది. అత్త మానిందా? లేదు. రోజూ వండింది, రోజూ ప్రార్థించింది, చల్లారిన అన్నాన్ని ఇంటికి తెచ్చి, పారేయకూడదని తనే తింది. అలా తింటూ ఒకసారి వెక్కివెక్కి ఏడ్చింది కూడా. ఎవరి కోసమో నేను అడగలేదు. తొందర్లోనే ఆవిడ పోయింది. తరవాతి ఆదివారం అత్త చర్చిలో లేచి నిలబడి, ఆఖరి రోజు దాకా అన్నం పట్టికెళ్ళానని సాక్ష్యం చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ మనిషి చేసిన పని మిగులుతుంది, ఎలా చేసిందో చూసినవాళ్ళం ఒక్కొక్కరం పోతాం.