టీబీ కాదన్నారు, దగ్గు మాత్రం పోలేదు

ఆ పొద్దు ఒకామె బొరుగులు కొనేదానికి వచ్చి, కొలిచే పడి ఎంత అని అడిగింది. ధర చెప్తా చెప్తా మధ్యలో నిలిచిపోయినాను. మాట నోట్లోనే ఉండాది, బయటికి తోసే ఊపిరి లేదు. చేత్తో సైగ చేసి, కూర్చోని, రొంతసేపు ఎగబీల్చి అప్పుడు చెప్పినాను. ధర చెప్పేదానికే ఇంత ఆయాసమా అని ఆమె నవ్వింది. నేనూ నవ్వినా.

మాది పుంగనూరు. మా అమ్మ కాలం నించి మాకు బొరుగుల బట్టీ ఉండాది. ఉప్పునీళ్ళు పట్టించిన బియ్యాన్ని కాగే ఇసకలో వేసి వేయిస్తే బొరుగులు పొంగుతాయి. మంట ఆరకుండా చెనిక్కాయ పొట్టు వేస్తానే ఉండాల. ఆ పొగ, ఇసక దుమ్ము, రెండూ మొగానికే కొడతాయి. మా ఆయన రెడ్డెప్ప బియ్యం తెచ్చేది, అంగళ్ళకి బొరుగులు వేసేది చూసుకుంటాడు. మంట కాడ కూర్చునేది నేను. బట్టీ వాళ్ళందరికీ పొద్దున్నే దగ్గు ఉంటాది. దాన్ని మేం రోగమని లెక్కపెట్టం. బట్టీ దగ్గు అంటాం, చెంబుడు నీళ్ళు తాగి పనిలో కూర్చుంటాం.

నా దగ్గు నీళ్ళకి తగ్గలే. మదనపల్లె పోయి చూపిద్దామని మా ఆయన అంటే నేను పోనంటే పోనన్నాను. ఆ పక్క టీబీకి వైద్యం పాతకాలం నించీ ఉండాది. దగ్గుకి మదనపల్లె బస్సెక్కినారంటే ఇంగ అదే రోగమని మా పెద్దోళ్ళు అనుకునేవాళ్ళు. ఆ పేరు పడితే మా బొరుగులు ఎవురు తింటారు? పెండ్లి కావాల్సిన బిడ్డ ఉండాది ఇంట్లో. అట్ల నెలలు గడిపేసినా. కడాకి దగ్గుతా దగ్గుతా కళ్ళు తిరిగి పడితే, మా ఆయన చెయ్యి పట్టుకోని బస్సెక్కించినాడు.

ఆడ కళ్ళె పరీక్ష చేసినారు, ఎక్స్‌రే తీసినారు. రిజల్ట్ వచ్చేదాకా నాకు అన్నం దిగలే. డాక్టరు సారు చూసి, "టీబీ కాదమ్మా. కానీ ఊపిరితిత్తుల్లో రొంత తేడా కనబడతాండాది. వచ్చే వారం రా, ఊదే టెస్ట్ చేద్దాం" అన్నాడు. మా చెవికి మొదటి మాటే ఎక్కింది. మా ఆయన బస్టాండులో కనబడినోళ్ళందరికీ టీబీ లేదంట, టీబీ లేదంట అని చెప్పుకున్నాడు. గంగమ్మకి మొక్కు తీర్చి వీధంతా బొరుగులు, బెల్లం పంచినాం. వచ్చే వారం మేం పోలేదు. టీబీనే లేదన్నాక ఇంగ పోయేదానికి ఏముండాది అనుకున్నాం.

ఆ పైన జాతర వచ్చింది. జాతరకి బొరుగులు ఎంత వేయించినా చాలవు. నాకు ఆయాసమొస్తే మా పాప హేమ వచ్చి కూర్చునేది. పోగాపోగా నేను లేచేది ఎక్కువైంది, పాప కూర్చునేది ఎక్కువైంది. ఇంటరు అయిపోయి ఇంట్లోనే ఉండాది కదా, అమ్మకి సాయమనుకున్నాం.

కుప్పంలో మా అక్క రత్నమ్మ మనవడికి పేరు పెడతాండారంటే మా ఆయనా నేనూ పోయినాం. వాళ్ళది మిద్దె మీద ఇల్లు. సగం మెట్లలో కాళ్ళు ఆడలే, గోడ పట్టుకోని కూర్చుండిపోయినా. పీల్చిన గాలి లోపలికి పోతాండాది, బయటికి రావడంలే. నా పెదాలు నల్లబడినాయని అక్క కేకలేసి ఆటో పిలిపించింది.

ఆసుపత్రిలో వేలికి క్లిప్ పెట్టి, సాచురేషన్ శానా తక్కువ ఉండాది అని వాళ్ళలో వాళ్ళు అంటాండారు. మొగానికి మాస్కు బిగించినారు. అది గాలి తోస్తాంటే ఎవురో నా మొగం అదిమి పట్టుకున్నట్ల ఉండింది. పీకేయబోతే నర్సమ్మ చేతులు పట్టుకునింది. అప్పుడు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కడా రోజుల్లో నడుము వాల్చలేదు, ఒళ్ళో దిండు పెట్టుకోని కూర్చునే ప్రాణం విడిచింది. వయసు ఆయాసమనుకున్నాం అందరం. ఇప్పుడు నా వంతు వచ్చింది, ఇంగ ఈ గది దాటి పోనని అనుకున్నా. అంత భయం నా బతుకులో ఎప్పుడూ పడలే.

కోలుకున్నాక స్పైరోమెట్రీ, అదే ఆ ఊదే టెస్ట్, చేసినారు. డాక్టరమ్మ బీడీలు తాగుతావా అని అడిగితే నాకు కోపమొచ్చింది. బట్టీ సంగతి చెప్పినా.

"అది చాలమ్మా. ఇది సీఓపీడీ, పొగకి ఊపిరితిత్తులు పాడయ్యే రోగం. పాడైపోయింది మళ్ళా రాదు. మిగిలిందాన్ని కాపాడుకోవాల."

ఇన్‌హేలర్ ఎట్ల పీల్చాల్నో చూపించి, రోజూ తీసుకోవాలనింది. నాకు "మళ్ళా రాదు" కాడనే తల మొద్దుబారిపోయింది. అప్పుడు ఆమె ఇంకొకటి అడిగింది.

"నువ్వు ఈడ ఉంటే, ఆడ మంట కాడ ఎవురు కూర్చుంటాండారు?"

నా పై ప్రాణాలు పైనే పొయ్యినాయి. మా హేమ కూర్చుంటాండాది. ఆ పాపా పొద్దున్నే దగ్గుతాది. వెంటనే ఫోన్ చేసి మంట ఆర్పేయమన్నా. ఇసక కాగి ఉండాది, ఈ బియ్యం వేయించేసి ఆర్పుతాననింది. "బియ్యం మట్టిలో పోనీ, నువ్వు లెయ్ ఆడ్నించి" అన్నా. ఆ నాలుగు మాటలకే నాకు మళ్ళా ఎగపోసింది.

మర్నాడు హేమ కుప్పం వచ్చింది. నాకేముండాదమ్మా, బట్టీ దగ్గే కదా అని తేలిగ్గా అంటాండాది. పాపకీ ఊదే టెస్ట్ పెట్టి నర్సమ్మ ఊదు, ఊదు, ఇంకా ఊదు అంటాంటే నేను కొంగు నోట్లో కుక్కుకోని చూస్తాండాను. డాక్టరమ్మ కంప్యూటర్ చూసి చూసి చెప్పింది.

"మొదలైంది. ఇప్పుడే పొగ మానేస్తే ఈడనే నిలబెట్టొచ్చు, రొంత బాగుపడొచ్చు కూడా."

మొదలైంది అనే మాటకే నేను భోరుమని ఏడ్చేసినా. మిగతా మాట మా ఆయన మళ్ళా మళ్ళా చెప్తే గాని ఎక్కలే.

ఇంటికొచ్చినాక ఇన్‌హేలర్ అలవాటైతే వదలదని పక్కింటామె చెప్తే విని కొన్నాళ్ళు మానేసినా. మళ్ళా కుప్పం ఆసుపత్రిలో నెబులైజర్ పెట్టించుకోవాల్సొచ్చింది. ఇంగ ఎవురేం చెప్పినా వినను. బట్టీ ఆర్పేసినాం. మిషన్లో వేయించిన బొరుగులు తెప్పించి అమ్ముతాం, హేమ అంగట్లో కూర్చుంటాది. నేను రొంత దూరం నడిచి, నిలబడి, మళ్ళా నడుస్తా. జలుబు చేసినా గుండె దడదడమంటాది.

పొగలో, దుమ్ములో పనిచేసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. దగ్గు వారాల తరబడి పోకపోతే ఆసుపత్రికి పోండి. టీబీ కాదన్నారని సంబరపడి లేచి రావద్దండి. "మరి నాకు దగ్గు ఎందుకు వస్తాండాది?" అని అడగండి. ఆ ఊదే టెస్ట్ చేయించుకోనే ఇంటికి రండి.

చెకప్‌కి ఇద్దరం కుప్పం పోతాం. పేరు ముందు నాదే పిలుస్తారు, నేను హేమను పంపిస్తా. పాప ఊపిరి పోయినసారి మాదిరే ఉండాది, దిగలేదు అని డాక్టరమ్మ నోటితో వినేదాకా, నాకు ఎంత ఊపిరి మిగిలిందో తెలుసుకోవాలని కూడా ఉండదు.