అర శ్రుతి తేడా

మా మేనత్త పోయింది. తెనాలి నుంచి వదిన ఫోను చేసేసరికి నేను బాపట్లలో షాపు షట్టరు ఎత్తుతున్నాను. "అమ్మ లేవట్లేదు, నువ్వు రా" అంది వదిన, అత్తయ్య కూతురు. షట్టరు మళ్లీ కిందికి లాగి స్టేషనుకు నడిచాను. రైల్లో కూర్చున్నాక, ఇకమీదట నన్ను "ఒరే చెవిటి మాలోకం" అని పిలిచే మనిషి లేదని తట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది.

అత్తయ్య హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. మామయ్య స్టేజీ మీద పద్యాలు పాడేవాడు. తెనాలిలో పద్యం రాని ఇల్లు తక్కువే గాని, ఆయన రాగం ఎత్తుకుంటే వన్స్‌మోర్‌లు పడి నాటకం ముందుకు కదిలేది కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఫొటోలున్నాయి, సన్మానం శాలువాలున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

అలాంటిది, ఊరంతా సీడీలు కొంటున్న రోజుల్లో, కొల్లిపర నుంచి ఒకతను ఆ గొంతు పట్టుకొచ్చాడు. మామయ్యతో వేషాలు వేసిన వాళ్ల నాన్న ట్రంకుపెట్టెలో దొరికిందట, పాతకాలం నల్లటి రికార్డు. పెళ్లికి ముందెప్పుడో మామయ్య పాడి ఇచ్చిన పద్యాలు. అత్తయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని, వెలుతురుకి వాల్చి దాని గీతలన్నీ చూసింది. పక్కవీధిలో కీ ఇచ్చే గ్రామఫోను ఉంది, తెస్తానన్నాను.

"ఆ మేకుతో గీకించావంటే ఉన్న గొంతు కాస్తా పొట్టయి రాలిపోతుంది. ఇది పగిలితే మళ్లీ ఎక్కడి నుంచి తెస్తావురా?" అంది.

అలా మొదలైంది మా వెతుకులాట. రేపల్లెలో ఒకరింట్లో రికార్డులు వేసే కరెంటు టర్న్‌టేబులు ఉందంటే వెళ్లాం. టేకు పెట్టె, ఇత్తడి అంచులు, చూడముచ్చటగా ఉంది. అత్తయ్య దాని పళ్లాన్ని చేత్తో తిప్పి, చెవి ఆనించి, "అందం సరేనండి, దీనికి నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే వేగం లేదు. మా రికార్డు దీని మీద నడవదు" అని కాఫీ తాగి వచ్చేసింది. చివరికి బాపట్లలో ఒక డాక్టరు గారింట్లో దొరికింది. బండరాయంత బరువు, మోటారు సరిగ్గా పళ్లెం కిందే, వేగాన్ని సన్నగా ఎక్కించి దించుకోవడానికి ఒక మీట. జ్వరం చూసినట్టు దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి, "వణుకు లేదు, ఇదే" అంది. మోసింది నేనే గనక ఆ బరువు ఇప్పటికీ నా నడుముకు గుర్తుంది.

తెచ్చాక వెంటనే వేస్తుందనుకున్నాను. అబ్బే! ఆ పాత రికార్డు మీది వెడల్పు గాడికి సరిపడే సూది మద్రాసు నుంచి తెప్పించింది. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా ఇల్లు అదురుతోందని వంటింటి గట్టు కట్టగా మిగిలిన నల్లరాయిని వేయించి, దాని కింద సైకిలు ట్యూబు పెట్టి, ఆ పైన మిషను నిలిపింది. సూది ఎంత బరువు మోపుతుందో చూడ్డానికి కంసాలి త్రాసు అరువు తెచ్చింది. ఊళ్లోవాళ్లిచ్చిన పాత రికార్డులు వేసి, వింటూ, దిద్దుతూ కూర్చునేది. "వినిపించిందల్లా విన్నట్టు కాదురా" అనేది నాతో. నాకన్నీ ఒకలాగే వినపడేవి. చెవిటి మాలోకం బిరుదు అప్పుడొచ్చిందే.

దసరాకి ఒక గొడవైంది. ఆయుధపూజ నాడు అన్నిటికీ పెట్టినట్టే మా వదిన మిషనుకీ బొట్లు పెట్టింది. సూది ఉన్న తలకాయ మీద గంధం దట్టంగా పులిమి, పైన కుంకుమ అద్దింది. ఆ తర్వాత ఏ పాట వేసినా బొంగురే. అత్తయ్య తీగలన్నీ విప్పి చూసింది, రాయిని కదిపి చూసింది. ఎండిన గంధం బరువూ, సూది మీద రాలిన కుంకుమా కారణమని తేలాక నవ్వాపుకోలేకపోయింది. "దేవుడికైనా ఇంత గంధం పెట్టవు కదే!" అంది. ఆవిడ అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మామయ్య రికార్డు వేసే రోజు రేపల్లె నుంచి హార్మోనిస్టు గారిని పిలిపించింది. మామయ్య పద్యాలకు మొదటి నుంచీ చివరి దాకా పెట్టె వాయించింది ఆయనే. తిరిగే పళ్లెం అంచున ఉన్న చుక్కలు మిషనుకున్న చిన్న దీపం వెలుతురులో కదలనట్టు నిలిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టట. నిలిచాయి. సూది దించింది.

గణగణలాడే కుర్ర గొంతు ఒకటి గది నిండా పరుచుకుంది. నాకు ఒళ్లు పులకరించింది. అత్తయ్య మొహం మాత్రం వాడిపోయింది.

"ఈయనెవరండీ?" అంది.

"ఆయనే అమ్మా. అప్పట్లో అయిదు శ్రుతికి పాడేవాడు. తెల్లవార్లూ నాటకాలాడి ఆడి గొంతు అరిగిపోయి, మీ పెళ్లినాటికి నాలుగున్నరకి దిగాడు. మీరు విన్నదంతా ఆ నాలుగున్నరే" అన్నాడాయన మెల్లిగా.

అత్తయ్య మీట కిందికి జరిపింది. హార్మోనిస్టు గారు నాలుగున్నర శ్రుతి పట్టుకుని, కలిసిందని తలూపాడు. గొంతు దిగింది గాని పద్యం ఈడ్చుకుంటూ నడిచింది, మెట్లెక్కలేని మనిషిలాగా. ఆయన ఆలోచించి, "గొంతు దగ్గరికొచ్చింది గాని అమ్మా, మనిషి రాలేదు" అన్నాడు. అత్తయ్య మీటను మళ్లీ పైకి తోసేసింది. "కుర్రాణ్ణి పట్టుకుని ముసలాణ్ణి చెయ్యడం దేనికి, పాపం. ఉండనివ్వండి అలాగే."

ఆ తర్వాత రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి వేసుకునేది. అలవాటు పడిందనే నేను సంతోషించాను. కిందటేడు ఒకరోజు, "ఇప్పుడు బాగుంటోందా అత్తయ్యా?" అని అడిగాను.

"బాగుందిరా. తప్పు పట్టడానికేం లేదు" అని, రికార్డు తుడుస్తూ, తలెత్తకుండా చెప్పింది. "కాకపోతే, ఇదివరకు కళ్లు మూసుకుంటే మీ మామయ్య 'ఏమేవ్, మంచినీళ్లు' అనడం వినపడేది. ఇప్పుడా మాట కూడా ఈ కుర్రాడి గొంతుతోనే వినపడుతోంది. ఆయన గొంతు తెచ్చుకుందామని ఉన్నది పోగొట్టుకున్నాను."

ఆ రోజు నుంచి ఆవిడ రికార్డు వెయ్యలేదు. మిషను మౌనంగా ఉంటే పాత గొంతు తిరిగొస్తుందేమోనని చూసిందని నా అనుమానం. వచ్చిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడా చెప్పలేదు. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

పదకొండో రోజున భోజనాలయ్యాక హార్మోనిస్టు గారు, వదిన, నేను ఆ గదిలో కూర్చున్నాం. వదిన కొంగులోంచి సెల్ ఫోను తీసింది. అత్తయ్య ఎవరినో కోప్పడుతుంటే సరదాకి రికార్డు చేసిందట. "అమ్మ గొంతుంది ఇందులో. వెయ్యనా?" అంది.

వద్దు వదినా అన్నాను. హార్మోనిస్టు గారు కూడా చెయ్యి అడ్డంగా ఊపాడు. వదిన మా ఇద్దరినీ చూసి, ఫోను ఆపేసి ఒళ్లో పెట్టుకుంది. ముగ్గురం కళ్లు మూసుకుని కూర్చున్నాం, ఎవరికి వినపడే అత్తయ్యను వాళ్లం వింటూ.