మేనత్త కుల్ల వచ్చే దాకా

మా దిక్కు పసిపిల్లల టోపీని కుల్ల అంటారు. పుట్టిన బిడ్డ తలకు మొదటి కుల్ల పెట్టే హక్కు మేనత్తది. తల్లికి ఆ హక్కు లేదు, తండ్రికి అసలే లేదు. బయట పుష్యమాసం చలి కొరికేస్తున్నా సరే, మేనత్త కుల్ల వచ్చే దాకా బిడ్డ ఆగాల్సిందే. ఈ ఏర్పాటు చేసిన పెద్దలెవరో గాని, తప్పకుండా ఎండాకాలంలో పుట్టి ఉంటారు.

నా ఆడబిడ్డ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. సిద్దిపేటలోనే పుట్టి, సిద్దిపేటలోనే మెట్టి, పుట్టింటి పెత్తనం ఒక్క పూట కూడా వదలని మనిషి. మా ఆయనకు అక్క, నాకు వదినె. ఆమె గడపలో అడుగు పెడితే మా అత్త పీట వేసేది, మా ఆయన లేచి నిలబడేవాడు, నేను పొయ్యి రాజేసేదాన్ని.

అవి లడాయి రోజులు, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటివి. మా ఆయన తహసీలు కచేరీలో రాతపని చేసేవాడు. ఆ ఏడు కొత్తగా వచ్చిన తహసీల్దారు భార్యది హైదరాబాదు. ఆమెకు మా ఊళ్ళో పొద్దుపోయేది కాదు. కచేరీ వాళ్ళ ఇళ్ళల్లోని ఆడవాళ్ళను మధ్యాహ్నాలు పిలిపించి ఊలు అల్లడం నేర్పేది. నాతో పాటు మా వదినె కూడా వచ్చేది. నేను కుట్లు వేయడం, తీయడం, అంచు ముగించడం నేర్చుకున్నాను. మా వదినె చాయ తాగడం, బిస్కెట్లు తినడం, సూదులు పట్టుకొని నలుగురికి కనబడేట్టు కూర్చోవడం నేర్చుకుంది. అల్లిక తప్పినప్పుడల్లా సూదులు వంకర ఉన్నాయనేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

అంతలో నాకు నెల తప్పింది. మా అత్తకు తెలిసిన మర్నాడే నా సూదులు రెండూ నా చేతిలోంచి పోయాయి.

"కడుపుతోని ఉన్నది ముడులేస్తదా? పేగు పోయి పిల్ల మెడకు సుట్టుకుంటది" అంది మా అత్త.

"ముడులు కావు అత్తమ్మా, కుట్లు" అన్నాను.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. పుట్టని పిల్లకు అంగీలు, కుల్లలు ఏందే?"

ఆలు ఉంది, చూలు కూడా ఉంది, అందుకే కదా సూదులు లాక్కున్నారు అని నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆ సూదులను మా అత్త తన కూతురికి ఇచ్చింది. ఎట్లాగూ కుల్ల అల్లాల్సింది ఆమే కదా అని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతకు ముందు ఏడు నాకు ఒక బిడ్డ పుట్టి పోయింది. బెజ్జంకి దగ్గర మా అవ్వగారింట్లో, అంటే నా పుట్టింట్లో, ఇట్లాంటి చలిలోనే. నెలలు నిండక ముందే పుట్టిన పిల్ల. చలికి పోయిందని నేనంటాను. మీ ఇంటి గాలి పడలేదని మా అత్త అంటుంది. అందుకే రెండో కాన్పు సిద్దిపేటలోనే కావాలని ఆమె పట్టు పట్టింది. ఆ మొదటి బిడ్డకు జ్వరం లేదు, దగ్గు లేదు. నా ఒళ్ళో ఉండగానే చల్లబడింది. ఆ చల్లదనం నా చేతులకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి నాకు బిడ్డంటే ముందు తల ముట్టి చూడడమే.

రెండో పిల్ల కూడా నెలలు నిండక ముందే పుట్టింది. ఆడపిల్ల. నా అరచెయ్యి మీద తల పెడితే ఇంకా జాగ మిగిలింది. నన్నూ దాన్నీ వెనక అర్రలో వేశారు. బిడ్డను ఊయలలో వేసే తొట్టెల చేసే దాకా, అంటే ఇరవయ్యొకటో దినం దాకా, మా బతుకు ఆ అర్రలోనే. అంటు గనుక మంత్రసాని తప్ప ఎవరూ లోపలికి రారు. లోపలికి వచ్చిన వస్తువు ఏదీ బయటికి పోదు. బిడ్డకు మా అత్త పాత చీర పేలికలే చుట్టాలి, కొత్త బట్ట తగలరాదు. పాత పేలికలకు నేను కాదనలేదు, మెత్తగా ఉంటాయి. కాని అవి తల మీద నిలవవు. పిల్ల కాస్త కదిలితే జారిపోతాయి. కుంపటి దగ్గర పెడితే పొగకు దగ్గుతుంది, దూరం పెడితే తల చల్లబడుతుంది.

వదినె రోజూ మధ్యాహ్నం వచ్చేది. అర్ర గడపకు అవతల ఎండలో పీట వేసుకొని నా సూదులతో అల్లేది. తహసీల్దారు భార్య ఇచ్చిన గులాబీ రంగు ఊలు ఉండ పక్కన, కొబ్బరికాయ ఒళ్ళో. కొబ్బరికాయ ఎందుకంటే, బిడ్డ తలను దారంతో కొలుచుకొమ్మని నేను చెప్పినప్పుడు మా అత్త ఇంటి కప్పు లేచేట్టు అరిచింది.

"పసిబిడ్డను కొలుస్తరా ఎవరన్న? కొలిచేది పాడెకే!"

అది ఏ శాస్త్రంలో ఉందో అడగలేదు. మా ఇంట్లో శాస్త్రాలన్నీ మా అత్త నోట్లోనే ఉండేవి, అవసరమైనప్పుడు ఒక్కొక్కటి బయటికి వచ్చేది. అందుకని వదినె కొబ్బరికాయను కొలతగా పెట్టుకుంది. సగం అల్లాక వాళ్ళాయన ఒక సోమవారం పొద్దున ఆ కొబ్బరికాయను దేవునికి కొట్టేశాడు. మిగిలిన సగానికి ఆమె వాళ్ళ కొట్టం మీద కాసిన గుమ్మడికాయ తెచ్చుకుంది. పెరిగే తల కదా అంది.

"వదినె, నీకు దండం పెడుత. పూలు వద్దు, కుచ్చులు వద్దు. ఒక్క ఉత్త ముక్క అల్లి, మడిచి, ఓ పక్కకు కుట్టి పంపు. పిల్ల తల సల్లగుంటున్నది" అన్నాను గడప ఇవతల నుంచి.

"ఉత్తది పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె? మేనత్త కుల్లంటే పది మంది చూస్తరు" అంది ఆమె. "తొందరేంది, తొట్టెల నాటికి గద!"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆమె అల్లేది, విప్పేది, మళ్ళీ అల్లేది. పది మంది కళ్ళకు నచ్చాల్సిన కుల్ల అది, ఒక్క తలకు సరిపోవాల్సిన పని లేదు. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చేది. బాలింతకు కోపం రాకూడదని కూడా ఒక శాస్త్రం ఉండేది.

ఇక మా ఆయన. లోకంలో చాలామంది మగవాళ్ళు ఇంట్లో పులులు, వీధిలో పిల్లులు. మా ఆయన రెండు చోట్లా పిల్లే, కనుక ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క దర్జా మెడలో మఫ్లరు. తహసీల్దారు వెంట హైదరాబాదు పోయినప్పుడు తెచ్చుకున్నాడు. మట్టి రంగు, రెండు కొసలకూ తెల్ల చారలు, సూదులతో అల్లిన మంచి ఊలు. శివరాత్రికి చలి శివశివా అని పోయినా ఆ మఫ్లరు ఆయన మెడ వదిలి పోయేది కాదు.

రోజూ కచేరీ నుంచి రాగానే అర్రకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి "మంచిగున్నరా?" అని అడిగి పోయేవాడు. ఒక రోజు పిల్ల పాలు తాగలేదు. కాళ్ళూ తలా రెండూ చల్లగా ఉన్నాయి. ఆయన రాగానే అడిగేశాను.

"మంచిగ లేము. ఆ మఫ్లరు ఇటు పడేయండి."

ఆయన ముందు మఫ్లరును చూసుకున్నాడు, తర్వాత వెనక్కి వంటింటి వైపు చూశాడు.

"అవ్వనడిగి చెప్త" అన్నాడు.

"పోయినసారి పిల్లకు బాగలేదు, రమ్మని కబురు పంపితే గూడ అవ్వనడిగి వస్తనన్నరు. మీరు వచ్చేసరికి చూడనీకె బిడ్డ లేదు. గుర్తున్నదా?"

ఆయన మెడలో మఫ్లరు సవరించుకున్నాడు. వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు నేను బాధపడలేదు, ఇప్పుడూ పడను.

మర్నాడు అదే వేళకు వచ్చాడు. మఫ్లరు మెడలో లేదు, చంకలో ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. వంటింట్లోకి వినబడేట్టు "ఏందో, ఈ బర్రె పాలు తగ్గినయి" అంటూ మఫ్లరును గడప మీదుగా లోపలికి విసిరాడు. మాకు బర్రె లేదు. కంగారులో ఆయనకు ఇంకేమీ తోచలేదు. గడప దాటిన వస్తువు మళ్ళీ బయటికి రాదని ఆయనకూ తెలుసు. దాని వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

సూదులు లేవు కదా, పుట్టగానే బిడ్డను పడుకోబెట్టిన చాట ఒకటి మూలన ఉంటే దాని అంచు నుంచి వెదురు బద్ద పీకాను. రెండుగా చీల్చి, బండ మీద నున్నగా అరగదీసి, పిల్లకు పెట్టే ఆముదమే వాటికి రాశాను. మఫ్లరు కొస విప్పితే ఊలు వంకీలు వంకీలుగా వచ్చింది. మోకాలికి చుట్టుకుంటూ అల్లాను. పూలు లేవు, కుచ్చులు లేవు, అన్నీ ఒకే రకం కుట్లు. నలుచదరపు ముక్క, సగానికి మడత, ఒక పక్క కుట్టు, గదుమ కింద కట్టడానికి పేనిన తాడు. మర్నాటి పొద్దు గూకక ముందే కుల్ల అయింది. తర్వాత కాళ్ళకు రెండు సంచులు. తర్వాత చేతులు లేని అంగీ. తొందరలో అక్కడక్కడా కుట్లు జారిపోయాయి. పిల్ల పట్టించుకోలేదు. కుల్ల పెట్టిన మొదటి రాత్రి గడిచి తెల్లారాక తల ముట్టి చూస్తే వెచ్చగా ఉంది. నోరు తెరిచి పాల కోసం గీపెట్టింది. నేను గట్టిగా ఏడ్చాను. బయటి నుంచి మా అత్త, బాలింత ఏడవరాదని అరిచింది.

తొంగిచూసే అత్తకు కనబడకుండా ఊలు పైన పాత పేలిక చుట్టేదాన్ని. నీళ్ళు పోసే మంత్రసాని మాత్రం చూసింది. ఎవరికీ చెప్పలేదు. మా అత్తతో ఆమెకు పాత పంచాయితీ ఏదో ఉంది, అది నాకు కలిసొచ్చింది.

మఫ్లరు ఏదని మా అత్త అడిగితే, కచేరీ పని మీద పోయి చేర్యాల బస్సులో మరిచిపోయానని చెప్పాడట మా ఆయన. ఇక అప్పటి నుంచి ఆమె పొద్దున లేచి చేర్యాలను తిట్టందే పళ్ళు తోముకోలేదు. ఆ ఊరి వాళ్ళందరూ దొంగలేనని తేల్చింది. పాపం, వాళ్ళ ఊరికీ మా ఇంటి చలికీ ఏ సంబంధమూ లేదు.

తొట్టెల నాడు గాలి విసిరి కొడుతోంది. పిల్లకు తలస్నానం పోశారు, నేను మళ్ళీ ఊలు బట్టలే తొడిగాను. బయట వాడకట్టు ఆడవాళ్ళంతా చేరారు, వదినె కొత్త చీర కట్టుకొని పళ్ళెంలో గులాబీ కుల్ల పట్టుకొని నిలబడింది. ఊలు బట్టలు అర్రలోనే విప్పేసి పిల్లను బోడి తలతో తీసుకుపోవాలి. లేకపోతే దొరికిపోతాను. కుల్ల కింద చెయ్యి పెట్టి దాని తడి తల ముట్టి చూశాను. విప్పలేదు. కుల్ల తాడు ఇంకా బిగించి కట్టి, ఎత్తుకొని బయటికి వచ్చాను.

నుదుటి మీద తెల్ల చారలు చూడగానే మా అత్త గుర్తు పట్టింది.

"గది నా కొడుకు మఫ్లరు గాదూ! చేర్యాల బస్సుల పోయింది నీ పురుటి అర్రల ఎట్ల పడ్డదే? మొగని వస్తువు దొంగతనం జేసి అంటుల కలుపుతవా? మేనత్త కుల్ల రాకముందే పెడుతవా? మొదటిదాన్ని మింగినవు, దీన్ని గూడ..."

ఆ మాట మొత్తం అనేసింది. పది మంది చూస్తున్నారు. వదినె పళ్ళెంలోకి చూస్తోంది. నేను మా ఆయన వైపు చూడలేదు, చూసి లాభం లేదనుకున్నాను. తొట్టెలకు తాడు కడుతూ నిట్టాడు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ తాడు ముడి విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు. దగ్గి మళ్ళీ అన్నాడు. "అది దొంగతనం చెయ్యలే. నేనే ఇచ్చిన. నా బిడ్డకు నేనే ఇచ్చిన."

మా అత్త పీట మీద కూలబడింది. ఆమెను కొట్టినా అంత ఆశ్చర్యపోయేది కాదు. కాసేపటికి ఒక ముసలమ్మ, శుభం పూట ఏందీ లొల్లి, కానియ్యండని గద్దించింది. వదినె వచ్చి గులాబీ కుల్ల పెట్టింది. పైన కొబ్బరికాయ, కింద గుమ్మడికాయ, అది పిల్ల ముఖం మొత్తం కప్పేసి భుజాల మీద కూర్చుంది. లోపలి నుంచి పిల్ల కెవ్వుమంది. ఆడవాళ్ళు నవ్వలేక, ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వదినె ఏమాత్రం తొణకకుండా దాన్ని తీసి తమ్ముడి తలకు పెట్టింది. సరిగ్గా సరిపోయింది. మఫ్లరు లేదు కదా అని ఆ చలికాలమంతా అదే పెట్టుకొని కచేరీకి పోయాడు. ఎవరేమన్నా పట్టించుకోలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కాపురం చేశాం. మళ్ళీ ఎన్నడూ వాళ్ళవ్వకు ఎదురు ఒక్క మాట అనలేదు మా ఆయన. అన్ని ఏళ్ళకూ ఆ ఒక్క మాటే. నిజం చెప్పాలంటే నాకది చాల్లేదు. బిడ్డకు చాలింది.