ఎండలో నిలబడ్డ విమానం

మా అక్కది ఎల్లారెడ్డి. బావ గల్ఫ్‌లో కట్టడాల పని చేస్తాడు. రెండేళ్లకోసారి వచ్చిపోయే మనిషి, ఫోర్‌మన్ అయ్యాక చిన్న గది దొరికిందని, ఈసారి అక్కనే విజిట్ వీసా మీద రమ్మన్నాడు. టికెట్ చేతికొచ్చిన రోజు నుంచి అక్కకు కంటి మీద కునుకు లేదు.

"గంత ఇనుము మీదికెట్ల లేస్తది తమ్మీ?" అని ఫోన్‌లో ఒకటే రంధి.

కామారెడ్డిలో నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. దాని వెనక గదిలో నా పిచ్చి ఉంది: పెద్ద తెర, లివర్లు, పెడళ్లు, అచ్చం విమానం నడిపినట్టే ఉండే సిమ్యులేటర్. ఇంట్లోవాళ్లు దాన్ని ముసలి పిల్లాడి ఆట అంటారు. అలాంటిది ఒక మనిషికి దానితో పని పడేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. "బస్సెక్కి రా అక్కా, కండ్లార చూపిస్త" అన్నాను.

మే నెల మధ్యాహ్నం వచ్చింది. ఆమెకు నమ్మకం కుదరాలని అన్నీ నిజంలాగే పెట్టాను: విమానం నిండా బరువు, బయట మన ఎండ. దూరం ఎందుకని పక్క జిల్లాలో ఉండే ఒక చిన్న విమానాశ్రయాన్ని ఎంచుకున్నాను. అక్కడి రన్‌వే పొట్టిది. విమానాన్ని దాని మొదట్లో నిలబెట్టానో లేదో, అక్క టిఫిన్ డబ్బా తెరిచింది. జొన్న రొట్టె, వంకాయ కూర. ఆట ఆపకుండానే తినడానికి కూర్చున్నాను.

తింటుండగా బావ ఫోన్. మధ్యాహ్నం పని ఆపగానే, ఇంకా సైటు మీద ఎండలో ఉండగానే చేస్తాడు. అతని గొంతు నాకూ వినిపించింది. "టికెట్ తీసినంక గీ భయమేంది? రాకుంటే మానెయ్!" అని కసిరి పెట్టేశాడు.

అక్క రొట్టె పక్కకు నెట్టింది. "రోజూ గింతే తమ్మీ. ఫోన్ చేసుడు, మండిపడుడు. మనిషి మనసు మారింది. ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

ఆమెను కాసేపు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, "ముందుగాల విమానం చూడు" అని తెర ముందుకు తీసుకెళ్లాను. లివర్లు ముందుకు నెట్టాను. విమానం కదిలింది కానీ ఊపు లేదు. రన్‌వే అయిపోయింది, అది మాత్రం లేవలేదు. నేరుగా పోయి తుమ్మపొదల్లో పడింది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను పోను."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. నాకు ఒళ్లు మండి అంకెలన్నీ వెతికాను. బయట గాలి వేడి నలభై రెండు డిగ్రీలు. విమానం మాత్రం యాభై ఐదు అనుకుంటోంది!

అప్పుడు వెలిగింది. విమానం ముక్కు దగ్గర వేలెడంత గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గాలి వేడిని కొలిచే ప్రోబ్ అది. ఎగురుతున్నప్పుడు గాలి తగులుతుంది కాబట్టి సరిగ్గా చెబుతుంది. మేం రొట్టె తింటున్నంతసేపూ ఎండలో కదలకుండా నిలబడి, తన ఒంటి వేడినే గాలి వేడిగా చెప్పింది. గాలి అంత వేడిగా ఉన్నప్పుడు ఇంజిన్‌ను పూర్తి బలంతో తిప్పితే మాడిపోతుంది. అందుకని కంప్యూటర్ దాని బలాన్ని తగ్గించింది. నేను చూసుకోలేదు.

అక్కకు ఇదంతా చెప్పాను. "మరి అసలు పైలట్లు గిట్లనే ముంచుతరా?" అంది.

"ముంచరక్కా. విమానాశ్రయం టవరోళ్లను అడుగుతరు. వాళ్ల థర్మామీటర్ నీడల ఉంటది. రెండు అంకెలు కలవకుంటే ముందుకు పోరు. కొన్ని విమానాలల్ల ఆ గొట్టంలకు గాలి గుంజే ఏర్పాటు గూడ ఉంటది."

ఆటలోని టవర్ చెప్పిన వేడిని పెట్టి మళ్లీ నడిపాను. ఈసారి రన్‌వే కొసకు రాకముందే లేచింది. నేను చప్పట్లు కొట్టాను. అక్క కొట్టలేదు.

"అంటే ఎండల నిలవడ్డదాన్ని అడిగితే, అది ఎండ ముచ్చటనే చెప్తదంటవు" అంది మెల్లగా. డబ్బా సర్దుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. పోతుందో లేదో చెప్పలేదు. నాకు మనసు మనసులో లేదు.

పోయింది. చేరిన వారానికి బావ గదిలోంచి వీడియో కాల్ చేసింది. వెనక మంచం మీద బావ, చేతిలో మజ్జిగ గ్లాసు.

"బావకు ఇయ్యి అక్కా" అన్నాను.

"జర ఆగు తమ్మీ. ఇప్పుడే ఎండలకెల్లి వచ్చిండు."

"చూసినవా, నన్ను నోరు తెరవనిస్తలేదు మీ అక్క!" అని వెనక నుంచి బావ నవ్వాడు. మజ్జిగ తాగి, మొహం కడుక్కుని, చాలాసేపటికి ఫోన్ అందుకున్నాడు.

"ఏం బామ్మర్ది, తిన్నవా?"

అంత మెత్తటి గొంతు అతనికి ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్లూ అక్కకు అందినవన్నీ మధ్యాహ్నం ఫోన్లే. "తిన్న బావా, నువ్వు తిన్నవా?" అన్నాను.