వదిలేయడం రాని ఆంటీ

ప్లెయిన్స్‌బరోలో మా కింది ఫ్లోర్‌లో ఉండే ఆంటీకి దేన్నీ ఊరికే వదిలేయడం చేతనయ్యేది కాదు. "చాలు ఆంటీ" అంటే కంచంలో ఇంకో రెండు గారెలు పడేవి. నలభై ఏళ్లు వీణ వాయించిన చేతులాయె, స్వరం కనబడితే చాలు, గమకం వేసి ఊపాల్సిందే.

అలాంటావిడ రిటైరయ్యాక కోటో నేర్చుకుంటానని బయల్దేరారు. అది మనిషంత పొడవుండే జపాన్ తీగల వాద్యం. క్లాస్‌కి డ్రైవ్ చేసే డ్యూటీ నాది. ఆవిడ తీగ నొక్కి ఊపే ఊపుకి, దాని కింద నిలబెట్టిన చెక్కముక్క ఎగిరి టీచర్ ఒళ్లో పడేది.

ఆ జపాన్ టీచర్ దాన్ని ఓపిగ్గా తీసి నిలబెట్టి, "మీటి వదిలేయండి. తర్వాత వచ్చే నిశ్శబ్దం కూడా సంగీతమే," అనేవారు.

"పాపం, స్వరాన్ని అలా ఒంటరిగా ఎలా వదిలేస్తామే?" అని కారెక్కాక ఆంటీ నా దగ్గర వాపోయేవారు.

ఏడాది తిరిగాక లైబ్రరీలో ప్రోగ్రామ్ పెట్టారు. ఈసారీ ఊపితే మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలని టీచర్ నవ్వుతూనే చెప్పేశారు.

పాట చివరికొచ్చి ఆంటీ ఆఖరి స్వరం మీటారు. అలవాటుగా ఎడమచెయ్యి లేచింది. నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆవిడ మాత్రం ఆ చేతిని గబుక్కున పైటకొంగులో చుట్టేసుకుని కూర్చున్నారు. స్వరం హాలంతా పాకి, మెల్లగా సన్నబడి ఆగిపోయింది. టీచర్ కళ్లు మూసుకున్నారు. ఎవరూ కదల్లేదు.

ఆ నిశ్శబ్దంలో ఆంటీ మూడో వరసలో ఉన్న నన్ను వెతికి పట్టుకుని కేకేశారు.

"చూశావుటే, వదిలేశాను!"