కండక్టరు చెప్పిన క్లైమాక్స్

ఆయన తీసినవి ఐదే సినిమాలు. ఐదూ తీసి, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. ఆ ఐదింటి మీద కర్నూల్లో మేం పాతికమందిమి కొన్నేళ్ళుగా కొట్టుకుంటున్నాం. ప్రతి రెండో ఆదివారం సాయంత్రం ఒక టిఫిన్ సెంటరు పైగదిలో చేరతాం. కింద బోండాలు వేగుతుంటాయి, పైన మేం వేగుతుంటాం. హోటలాయన మొదట్లో మమ్మల్ని చీటీపాటల వాళ్ళనుకున్నాడట, తర్వాత ఏదో పార్టీ వాళ్ళనుకున్నాడు. సినిమాల గురించి మాట్లాడుకోవడానికే ఇంతమంది వస్తారంటే ఆయన ఇప్పటికీ నమ్మడు.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. నాకు ముక్కు మీద కోపం. పిల్లలు ఎక్కం తప్పు చదివితే ఊరుకుంటానేమో గానీ, మా డైరెక్టరు రెండో సినిమా నత్తనడక అన్నవాణ్ణి మాత్రం మెట్లు దిగేదాకా వదలను.

మాలో పెద్దవాడు ఒక టైలరు. ఆయనకు మొదటి సినిమాయే ప్రాణం. పెళ్ళింట్లో వంటవాడి కథ అది. పెళ్ళికొడుకు మొహం సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనపడదు. "అరె, మీరంతా మాటలు ఇంటారు గానీ గుడ్డలు సూడరప్పా," అంటాడు టైలరు. "ఆ వంటాయన చొక్కాకు మూడో గుండీ ఉండదు. ఆఖరు సీనులో ఉండాది. అంటే ఏమి? అలిగిపోయిన పెండ్లాం తిరిగొచ్చింది! కుట్టింది! డైలాగు లేదు, ఏడుపు లేదు. గుండీ! బస్!" ఆయన ఆ మాట చెప్పినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పటికి ముప్పైసార్లు చెప్పి ఉంటాడు.

సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఒక కుర్రాడున్నాడు. వాడికి ఐదో సినిమా గొప్పది. ఎందుకురా అంటే, నాలుగు రోజులే ఆడింది కాబట్టి. జనానికి నచ్చకపోవడమే వాడి దగ్గరున్న పెద్ద రుజువు. వాడితో వాదించడం గోడకు చెప్పుకున్నట్టే, అయినా ప్రతి ఆదివారం చెప్పుకుంటాను.

నాకు మూడోది. మేమంతా దాన్ని లారీ సినిమా అంటాం. పెళ్ళై ఎటో పోయిన అక్కను వెతుక్కుంటూ ఒక లారీ డ్రైవరు ఊరూరూ తిరుగుతాడు. హక్కుల తగాదా ఒకటి పడి ఆ సినిమా ఇన్నేళ్ళూ టీవీలో రాలేదు, క్యాసెట్లలో లేదు. థియేటర్లో చూసినవాళ్ళ నోటినుంచి విని అభిమానులైన వాళ్ళే ఎక్కువ. నేను చూసినదాన్ని. ఆరో తరగతిలో, కోయిలకుంట్లలో, నాయన పక్కన కూర్చుని చూశాను. ఆ మాట చెప్పి ఎంతమందిని కుళ్ళబెట్టానో లెక్క లేదు.

పోయిన నెల ఒక ఆదివారం సెల్‌ఫోన్ల కుర్రాడు మెట్లు మూడేసి ఎక్కుతూ వచ్చాడు. లారీ సినిమా మళ్ళీ విడుదలవుతోంది! తగాదా తీరిందట, ప్రింటు కడిగిన ముత్యంలా చేశారట. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆట మొత్తం మాకే ఇవ్వడానికి ఇక్కడి థియేటరాయన ఒప్పుకున్నాడు. పైగది ఊగిపోయింది. ఒకాయన బల్లెక్కి విజిలేశాడు. టైలరు జేబులోని టేపు తీసి గాల్లో తిప్పాడు. నేను, నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచరమ్మను, చప్పట్లు కొడుతూ గెంతాను.

"ఒకటే బాధ," అన్నాడు కుర్రాడు. "ఆ క్లైమాక్స్ ఒకటి."

"అవునప్పా, అది మాత్రం నిర్మాత పట్టుబట్టి పెట్టించినాడు," అన్నాడు టైలరు. గదిలో తలలన్నీ ఊగాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "క్లైమాక్సు బాగాలేదా? అసలు ఆ సినిమా నిలబడింది దాని మీదే!" అని లేచాను. లేచి మొత్తం చెప్పాను. వీధి మొదట్లో లారీ ఆగుతుంది. డ్రైవరు దిగి అక్క ఇంటి ముందుకు పోతాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వస్తుంది. వాడు తువ్వాలు మొహానికి అడ్డం లాక్కుని, "అమ్మా, కొంచెం నీళ్ళు," అంటాడు. ఆమె చెంబిస్తుంది. తాగుతాడు. "ఇంకా కావాలా నాయనా?" అంటే, "చాలు తల్లీ," అంటాడు. చెంబు తిరిగిచ్చి వచ్చేస్తాడు. ఆమె గుర్తుపట్టదు. బాగుంది, పిల్లా జెల్లాతో చల్లగా ఉంది, అది చాలు వాడికి. లారీ కదులుతుంది.

చెప్పడం అయ్యేసరికి టైలరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. గెలిచాననుకున్నాను.

"అక్కా," అన్నాడు కుర్రాడు నెమ్మదిగా, "ఇది ఏ సినిమాలోది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు నేను ఇంకో పావుగంట అరిచాను. వాడు పాపం ఎదురు చెప్పలేదు. ఎక్కడో సంపాదించిన గీతలు పడ్డ పాత కాపీ ఫోన్లో పెట్టి నా చేతికిచ్చాడు. అక్క ఇంటి ముందు నలభై మంది కత్తులతో నిలబడి ఉన్నారు. డ్రైవరు నలభై మందినీ కొట్టాడు. లారీ తగలబడింది. వాడు అక్క ఒళ్ళో తల పెట్టి చచ్చిపోతూ ఒక పాట కూడా పాడాడు. నీళ్ళూ లేవు, చెంబూ లేదు.

టైలరు కూడా తల ఊపుతూ చెప్పాడు, తను అప్పట్లో కర్నూల్లో మొదటి వారమే చూశానని, ఉన్నది ఈ కొట్లాటేనని. అప్పుడు నాకు తట్టింది. నేను ఆ సినిమా ఆఖరు చూడలేదు. మా ఊళ్ళో ఎవరూ ఏ సినిమా ఆఖరూ చూడలేదు.

కోయిలకుంట్ల నుంచి మా ఊరికి చివరి ఎర్రబస్సు ఐదుంబావుకు. మ్యాట్నీ వదిలేది ఐదున్నర దాటాక. బస్సు తప్పితే పద్నాలుగు కిలోమీటర్లు కాలినడకే. అందుకని విలన్‌ను హీరో పట్టుకోబోతుంటే మా ఊరివాళ్ళం పంచెలు దులుపుకుని లేచి వచ్చేసేవాళ్ళం. మిగతా కథ బస్సులో కండక్టరు చెప్పేవాడు. కమ్మీకి ఆనుకుని నిలబడి, టికెట్లు కోస్తూ చెప్పేవాడు. వాగు దగ్గర విలన్ దొరికేవాడు, మిట్ట ఎక్కేటప్పటికి తన్నులు తినేవాడు, మా ఊరి చర్చి కనపడే వేళకు హీరోయిన్ మెళ్ళో తాళి పడేది. మంచి పట్టులో ఆపి, "టికెట్, టికెట్, ఇంగా ఎవురు తీసుకోల్యా?" అనేవాడు. ఆయన చూసే చెబుతున్నాడని అందరి నమ్మకం. చూడకుండా అంత బాగా ఎవరు చెబుతారు?

ఇంతవరకూ అయితే నవ్వుకుని వదిలేసేదాన్ని. కానీ ఆ లారీ సినిమా మా ఇంటికి ఉత్త సినిమా కాదు.

మా అవ్వ చనిపోయిన రోజు మంచి ఎండాకాలం. పాస్టరుగారు ఇంకో ఊరికి పోవాలి. ఎర్రగుంట్లలో ఉండే మేనత్త, నాయనకు అక్క, వచ్చేదాకా ఆగకుండా నాయన సమాధి చేయించేశాడు. అత్త వచ్చేసరికి మట్టి కూడా కప్పేశారు. ఆమె అక్కడే కాసేపు నిలబడి, మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగకుండా తిరిగి పోయింది. ఆ తర్వాత ఏడేళ్ళు మాటల్లేవు. తప్పు తనదేనని నాయనకు తెలుసు, కానీ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. లారీ సినిమా చూసిన రోజు బస్సులో కండక్టరు ఆ నీళ్ళ సంగతి చెప్పాక నాయన ఊరొచ్చేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఎర్రగుంట్లకు పోయి, మరునాడు సాయంత్రం వచ్చాడు. అక్కడ ఏం జరిగిందో చెప్పలేదు. అప్పట్నుంచి రెండిళ్ళకూ రాకపోకలు మొదలయ్యాయి. నాయన పోయి నాలుగేళ్ళయింది, అత్త ఇప్పటికీ నాకు అమ్మకంటే ఎక్కువ.

మరి అది ఒట్టి బూటకమైతే? మా నాయన ఎవరో నోటికొచ్చినట్టు అల్లింది నమ్మి ఎర్రగుంట్లకు పోయాడనుకుంటే నాకు అవమానంగా, కోపంగా, ఏడుపుగా ఉంది. ఆ గదిలోనే ఇదంతా కక్కేశాను.

కుర్రాడికి మాత్రం కళ్ళు వెలిగిపోయాయి. "అక్కా, ఆ కండక్టరు ఉన్నాడా? ఉంటే శుక్రవారం తోలుకోని రా. కొట్లాట మొదలయ్యే ముందర బొమ్మ నిలిపేస్తాం. మిగతాది ఆయప్ప చెప్తాడు, మేం ఇంటాం!" గది మళ్ళీ ఊగింది. టైలరైతే ఆయనకు తన చేత్తో చొక్కా కుట్టి పెడతానన్నాడు. ఇంతమంది ఉత్సాహం మీద నీళ్ళు చల్లలేక సరేనన్నాను. నాకు కావలసింది వేరు. ఆయన్ని నిలదీయాలి.

బుధవారం సెలవు పెట్టి కోయిలకుంట్ల పోయాను. డెబ్భై దాటాయి కండక్టరుకు. అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్నాడు. నాయన పేరు చెప్పగానే గుర్తుపట్టి, "ఏం పాపా, ఇన్నేండ్లకు దారి తెలిసిందా?" అన్నాడు. నేను కుశలమైనా అడగకుండా, "నువ్వు ఆ సినిమాలు చూసే చెప్పేవాడివా మామా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "నాకు యాడ తీరికమ్మా? మధ్యాన్నం ట్రిప్పుకు వచ్చేసరికి పొద్దటాట అయిపోతా ఉండేది. థియేటరు గోడ పక్కన టీ తాగతా ఇనేవాణ్ణి. మాటలు గోడ దాటి వస్తాయి, బొమ్మ రాదు కదా. బొమ్మ నేను ఏసుకునేవాణ్ణి."

"లారీ సినిమాకు?"

"దానికి మాటలు కూడా రాలేదు పాపా. ఒకటే ఢాం ఢూం. అది ఏమని చెప్పేది?" కత్తెర పక్కన పెట్టాడు. "మీ అవ్వను మట్టిలో పెట్టిన దినం మీ అత్త నా బస్సులోనే ఏడుస్తా పోయింది. గుక్కెడు నీళ్ళు తాగలేదన్యాది. ఏడేండ్లు పోయినాక ఆ పొద్దు మీ నాయన మూడో సీట్లో కూచోనుండె, అక్కాతమ్ముడి సినిమా సూసి, మొగం ఇంత సేసుకోని. అక్కను వాటేసుకున్యాడని చెప్తే ఆయప్ప నమ్మడు. నీళ్ళు తాగి వచ్చేదానికి ఏముండాది? ఎవురైనా సేయొచ్చు. అందుకని నీళ్ళు పెడితి."

నిలదీయాలని వచ్చినదాన్ని, అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. బస్సు నిండా అరవై మంది ఉంటే ఆయన ఆ కథ ఒక్క మనిషి కోసం చెప్పాడు. ఏడుస్తూ, నవ్వుతూ అత్తకు ఫోన్ చేశాను. ఆయన కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"అత్తా, అప్పుడు నాయన మొదటిసారి మీ ఇంటికి వచ్చిన దినం ఏం చేసినాడు?"

"ఇప్పుడెందుకే అడుగుతాండావు?" అంది అత్త. "ఏం సేస్తాడు, వాకిట్లో నిలబడి మొగానికి తువ్వాలు అడ్డం పెట్టుకోని నీళ్ళు అడిగినాడు. తమ్ముణ్ణి గుర్తుపట్టనా నేను? సెంబు ఇస్తి. తాగినాడు. ఇంగా కావాల్నా అంటి. సాలు అన్యాడు. సెంబు నా సేతికిచ్చి పోతా అన్యాడు. యాడికి పోతావురా అని రెక్క పట్టి లోపలికి ఈడ్చి, వాకిలికి గొళ్ళెం పెట్టి, దానికి ఆనుకోని కూచుంటి. సంగటి తిని పండుకునేదాకా లేయలే."

ఫోన్ పెట్టేశాను. నేనప్పుడు శుక్రవారం సంగతి చెప్పాను, కర్నూల్లో పాతికమంది ఆయన కోసం ఎదురుచూస్తున్నారని. ఆయన తల ఊపి, గొంతు సవరించుకున్నాడు.

"వస్తా పాపా. కానీ నాది చెప్పను. నా కథలో నేను తమ్ముణ్ణి తిరిగి పంపిస్తి. మీ అత్త పంపలే. అది చెప్తా."