నాలుగు వేళ్ల బట్ట

మా ఇంటామె పోయిన కబురు నాకు బడిలో అందింది. ఆ రోజు తనిఖీ. నేను షేర్వానీలో ఉన్నాను. పాలమూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు తరగతి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎప్పుడూ చెప్పులతోనే లోపలికి వచ్చే మనిషి. విడిచినప్పుడే నాకు తెలిసిపోయింది.

"సారూ, దవాఖానకెల్లి కబురు. పొద్దుగాల పోయిందట అమ్మ," అన్నాడు.

బోర్డు మీద లెక్క సగంలో ఉంది. అది పూర్తి చేసి బయలుదేరాను. ఎందుకు పూర్తి చేశానంటే చెప్పలేను.

నెల దాటింది. కొత్తకోటలో ఒక మాట తిరుగుతోందట. నా ముందు ఎవరూ అనరు, మర్యాదస్తులు. ‘గంత సదువుకున్నడు. ఇంట్ల మనిషి సగమైతాంటె కండ్లు యాడ వెట్టిండు?’ న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడం, ఆమెను తలచుకోవడం నాకు ఒకటే పని. రెండూ ఈ షేర్వానీతోనే మొదలవుతాయి.

మాది కుట్టుపనివాళ్ల ఇల్లు. నేను మాత్రం సూది పట్టలేదు. మా బాపు నన్ను హైదరాబాదు పంపి బి.ఏ. చదివించాడు. తిరిగి వచ్చేసరికి నాకు త్రికోణమితి వచ్చు, గుండీ కుట్టుకోవడం రాదు. మా మామ ఆత్మకూరులో పేరున్న దర్జీ. నాకు సర్కారు బడిలో కొలువు దొరికిన ఏడాదే పిల్లనిచ్చి, ఒక నల్ల ఉన్ని షేర్వానీ కూడా కుట్టిపెట్టాడు. టేపు తీయలేదు. నన్ను వాకిట్లో అటూ ఇటూ రెండుసార్లు నడవమన్నాడు, అంతే.

కుట్టేటప్పుడు రెండు పక్కలా నాలుగేసి వేళ్ల బట్ట లోపలికి మడిచి వదిలాడు. ఎవరూ అంత వదలరు. ఎందుకని కూతురు అడిగితే, నేను వింటూండగానే చెప్పాడు.

"సర్కారు కొలువు బిడ్డా. కూసోని తినే మనిషి. ఊరుతడు."

నాకు రోషం వచ్చింది. ఒళ్లు ఊరలేదని నిరూపించడం ఆ రోజు నుంచి నాకు రెండో కొలువైంది.

మా ఇంటి ఎదురుగా ఆముదాలు కొనే సావుకారు కొట్టు. అక్కడ దూలానికి పెద్ద కాంటా వేలాడుతూ ఉంటుంది, ఒక పళ్లెంలో బస్తా, ఇంకో పళ్లెంలో గుండ్లు. పెళ్లయిన కొత్తలో సరదాగా ఎక్కి కూర్చుంటే యాభై ఎనిమిది సేర్లు తూగాను. ఎనిమిదేళ్ల తర్వాత ఎక్కితే డెబ్బై ఆరు. పంతులు బరువెక్కడం ఊరికి మంచిదేనన్నాడు సావుకారు.

అయితే షేర్వానీ మారలేదు. ఏడాదికొకసారి, తనిఖీ రోజున తొడిగేవాణ్ని. మొదటి రోజు పడ్డట్టే గుండీలు పడేవి. చదువుకున్నవాణ్ని కనుక కారణం వెతికాను. దొరికింది. బరువు వేరు, కొలత వేరు. దీన్ని కాంటా దగ్గర నిలబడి సావుకారుకూ హమాలీలకూ విడమరచి చెప్పాను. మనిషికి బొక్కల చట్రం, అంటే ఎముకల గూడు, ఒకటి ఉంటుంది, అది పెరిగేది కాదు. కండ బరువైనది, చోటు తక్కువ తీసుకుంటుంది. సేరు ఇనుము గుప్పిట్లో పడుతుంది, సేరు పత్తికి గంప కావాలి. కొవ్వే చేరినా, ఒక్కచోట పోగుపడకుండా ఒళ్లంతా పలచగా పరుచుకుంటే దర్జీకి అందదు. ఇక నీళ్ల సంగతి. చెంబెడు నీళ్లు తాగి కాంటా ఎక్కితే సేరు బరువు పెరుగుతుంది, గుండీ మాత్రం కదలదు. ఈ చివరిది అక్కడే తాగి, ఎక్కి చూపించాను.

ఇందులో ఒక్క మాటా తప్పు కాదని ఇప్పటికీ అంటాను. నా విషయంలో తప్ప అంతా నిజం.

"కండ అంటివి సారూ," అన్నాడు సావుకారు. "యాడికెల్లొచ్చె కండ? సుద్దముక్క ఎత్తితె వస్తదా?"

హమాలీలు నవ్వారు. ఎదురుగా మా గుమ్మంలో మా ఇంటామె చాట చేతబట్టుకొని వింటోంది. ఆమె నవ్వలేదు. ఆమె నా పక్షమేననుకున్నాను.

ప్రతి తనిఖీకీ రెండు రోజుల ముందు ఆమె షేర్వానీని పెట్టెలోంచి తీసేది. "జర గాలికి వేస్త," అని లోపలి అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసేది. కిటికీ లేని అర్రలో గాలి ఎక్కడిదని నాకు ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. త్రికోణమితిలో గాలి ఉండదు.

ఆమె మాటలు తక్కువ. ఉన్న కొన్నీ కుట్టుపని నుంచి వచ్చినవే. మా వాడలో అత్తాకోడళ్లు కొట్లాడుకున్నా, అన్నదమ్ములు గోడ కోసం తగువు పడ్డా, కొంగు నడుముకు దోపుకొని మధ్యలోకి వెళ్లి ఒకటే అనేది: "కుట్టు ఇప్పుకోండ్రి. బట్ట చింపుకోకుండ్రి." సగం తగాదాలు దాంతోనే ఆగేవి. మిగతా సగం, అర్థం కాక ఆగేవి.

మూడేళ్ల కింద తనిఖీ సాహెబు వచ్చిన రోజున నా సిద్ధాంతం కూలింది. ఆయన తరగతిలో అడుగుపెట్టగానే సలాము చేయడానికి వంగాను. కాలరు కింద ఏదో కసుక్కున గుచ్చుకుంది. వంగినంత వేగంగా నిటారుగా లేచాను. సాహెబు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. పోయేముందు తనిఖీ పుస్తకంలో ఉర్దూలో ఒక వాక్యం రాశాడు: ఉపాధ్యాయుడు చురుకైనవాడు. నా కొలువులో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఇంటికి రాగానే ఆమె నా మెడ చూసింది.

"రక్తమేంది?"

షేర్వానీ విప్పించి కాలరు మడత తడిమింది. సూది బయటికి లాగింది. దానికి నల్లదారం ఉంది.

"అయ్యో. ఈడ మరిసిపోయిన్నా?"

"కాలర్ల సూది ఎందుకే?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గడప మీద కూర్చుంది. తర్వాత షేర్వానీని తిరగేసి నా ఒళ్లో పెట్టింది. రెండు పక్కలా బట్ట మీద సూది బెజ్జాల గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఏడాదికొకటి చొప్పున ఎనిమిది. మా మామ వదిలిన నాలుగు వేళ్లలో ఒక్క వేలు మిగిలింది. గుండీలు కూడా అంచుకు జరిగి ఉన్నాయి.

"ముందే చెప్పొద్దా?" అన్నాను.

"కాంటా కాడ మీరు చెప్తుంటె ఇన్న. గంత సంబురంగ చెప్తున్నరు. నడుమల నేనేం చెప్పాలె?"

మర్నాడు సావుకారుకు నిజం చెప్పేద్దామని బయలుదేరాను. కొట్టు దాకా పోయి, ఆముదాల ధర అడిగి తిరిగి వచ్చాను.

ఆ తర్వాత ఆమె తలుపు తెరిచే కుట్లు విప్పేది. యుద్ధం రోజులు, కంట్రోలులో బట్ట దొరకదు, కొత్త షేర్వానీ మాటే లేదు. సూదిని మాత్రం కాలరు కిందే ఉంచింది, ఈసారి మొన బట్టలోకి తిప్పి. వేరే చోట పెట్టమంటే వినలేదు.

"మీరెప్పుడు ఊరుతరో ఎవరికి ఎరుక? ఆడనే ఉండనియ్యుండ్రి."

అలా, కుట్టులోపల ఏం జరుగుతుందో నాకు ఒకసారి తెలిసింది. తెలిసినా మళ్లీ మోసపోయాను. ఊరివాళ్ల ప్రశ్న ఇక్కడే తగులుతుంది.

మా వైపు రవికెల విషయంలో దర్జీలకొక పట్టింపు ఉంది. రవికె చేయి మోచేతి పైన దండకు పట్టి ఉండాలి. విప్పితే చర్మం మీద గీత కనబడాలి. గీత పడకపోతే కుట్టినవాడికి నామోషీ. మా ఇంటామె దర్జీ కూతురు, తన రవికెలు తనే కుట్టుకునేది. ఆ గీత ఎప్పుడూ ఉండేది. పోయిన ఏడు కూడా ఉంది.

పోయిన ఏడు ఆమెకు భక్తి పెరిగింది. మొదట శనివారం ఒక్కపొద్దు అంది. తర్వాత సోమవారం కూడా. తర్వాత గురువారం. "వారంలో దేవుళ్లు పెరిగిపోతున్నారు, మనుషులకు రోజులు మిగిలేట్టు లేవు," అని హాస్యమాడాను. ఆమె నవ్వి తన జొన్నరొట్టె నా పళ్లెంలో వేసింది. నేను ఇంకో రెండు సేర్లు ఊరాను.

పక్కింటి అవ్వ ఒకరోజు అరుగు మీద ఆమె చేయి పట్టుకుంది.

"ఏంది పిల్లా, గిట్ల చిక్కిపోతున్నవ్?"

"చిక్కితే రవికె ఒదులు గావాలె గద అవ్వా. బరువు వేరు, కొలత వేరు. మా సారును అడుగు."

నేను మూడు రోజుల నాటి పత్రిక మడిచి పక్కన పెట్టాను. అవ్వకు అంతా చెప్పాను. బొక్కల చట్రం, ఇనుము, పత్తి, చెంబెడు నీళ్లు, ఏదీ వదల్లేదు. రవికె చేతిని సాక్ష్యంగా చూపించాను. అవ్వ ఓపికగా విన్నది.

"గవన్ని నాకు తెల్వయి నాయినా. మొకం జూస్తె తెలుస్తలేదా?" అంది.

నేను ముఖం వైపు చూడలేదు. రవికె వైపే చూశాను. అది చక్కగా పట్టి ఉంది.

ఎండాకాలం మొదట్లో నీళ్ల బిందె ఎత్తబోయి కూలబడింది. బస్సులో పాలమూరు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ ఆమెను తూచింది. ముప్పై ఆరు సేర్లు. కడుపులో గడ్డ అంది, ఆలస్యమైంది అంది.

"నెలల తరబడి కరిగిపోయిన మనిషి. నీకు కనబడలేదా?"

నేను బి.ఏ. చదివినవాణ్ని. ఇలా అన్నాను: "రవికె సరిగ్గానే ఉందమ్మా."

డాక్టరమ్మ ఆ రవికె పక్కకుట్టు తిప్పి చూపింది. ఒకదాని లోపల ఒకటి మూడు కుట్లు. చేతికి ఇంకో మూడు. సన్నగా, సమానంగా ఉన్నాయి. మా మామ చూస్తే మెచ్చుకునేవాడు.

మంచం మీంచి మా ఇంటామె అంది:

"మీ దాన్ల ఇప్పిన. నా దాన్ల కుట్టిన. లెక్క సరిపాయె గద, సారూ."

"ఎందుకు చెప్పలేదు?"

"సంబురంగ ఉంటిరి. నడుమల నేనేం చెప్పాలె?"

దవాఖానలో మూడు వారాలున్నాం. తనిఖీ తేదీ వచ్చింది. పోనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. షేర్వానీని బస్సులో తెప్పించి నన్ను తొడగమంది. తొడిగాను. గుండీలు పెట్టాక కూడా లోపల ఇంకో మనిషికి జాగా ఉంది. ఆ మూడు వారాల్లో నేను ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

"ఇడువుండ్రి," అంది. "గిట్ల పోతె మీ బదులు ఇంకెవరో వచ్చిండనుకుంటడు సాహెబు."

దిండుకు ఆనుకొని కూర్చుంది. కాలరు కింది సూది తీసింది. మూడుసార్లు చూసింది, దారం ఎక్కలేదు. సూదినీ దారాన్నీ నా చేతికిచ్చింది. కుట్టుపనివాళ్ల ఇంట పుట్టి, ముప్పై ఐదేళ్లకు నేను సూదిలో దారం ఎక్కించడం అదే మొదలు. ఆమె లెక్కపెట్టింది. ఏడోసారికి ఎక్కింది.

"బి.ఏ. పాసైతిరి," అంది.

ఆ మధ్యాహ్నమంతా కుట్టింది. నాలుగు కుట్లు వేయడం, కళ్లు మూసుకోవడం, మళ్లీ నాలుగు. పక్క మంచం ఆమె వద్దని వారించబోతే, "పదేండ్లు ఈయన దాన్ని బయటికే ఇడిసిన అక్కా, లోపలికి కుట్టుడు ఇదే మొదలు," అంది. అయిపోయాక ఇంకోసారి దారం ఎక్కించమంది. ఈసారి నాకు రెండోసారికే ఎక్కింది. ఆమె సూది తీసుకొని కాలరు మడతలో గుచ్చింది, మొన లోపలికి తిప్పి.

తెల్లవారి మొదటి బస్సుకు కొత్తకోట వచ్చాను. షేర్వానీ ఒంటికి అతికినట్టుంది. పెళ్లికొడుకుగా ఉన్న రోజుల్లో కూడా అంత బాగా లేదు. సాహెబు వచ్చాడు, సలాము చేశాను, ఏమీ గుచ్చుకోలేదు. లెక్క మొదలుపెట్టాను. అప్పుడే కండక్టరు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు.

ఊరి ప్రశ్నకు నా జవాబు ఇంతే. కళ్లు రవికె మీద పెట్టాను. ముఖం మీద పెట్టాల్సింది.

మొన్న సావుకారు పిలిచి బలవంతంగా కాంటా ఎక్కించాడు. అరవై మూడు.

"దిగితివి సారూ."

"దిగాను."

"షేర్వానీ ఒదులైతదేమో."

"అయింది."

బరువు దిగినా కొలత మారదంటివి గదా అని ఆయన అనవచ్చు. అనే హక్కు ఉంది. గుండ్లు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు.

బజారు దర్జీ కూడా అడిగాడు. "ఇయ్యుండ్రి సారూ, పక్కలు పట్టిస్త. గంట పని," అన్నాడు. వద్దన్నాను. షేర్వానీ లోపలి అర్రలో కొక్కేనికి వేలాడుతోంది. కాలరు మడత ఎత్తి చూస్తే సూది అక్కడే ఉంది. దానికి జానెడు నల్లదారం. కొసకు ముడి వేసి ఉంది.